కయాక్‌లో చేపల వేటకు తెడ్డు ఎలా ఎంచుకోవాలి: ముందు పొడవు, తర్వాతే మిగతావి

ఫిషింగ్ కయాక్, అంటే చేపల వేటకు తెడ్డుతో నడిపే చిన్న పడవ, కొనేటప్పుడు నెలల తరబడి వెతుకుతారు. సీటు ఎంత సుఖంగా ఉంది, రాడ్ (గాలపు కర్ర) హోల్డర్లు ఎన్ని, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ ఎక్కడ బిగించుకోవచ్చు, అన్నీ చూస్తారు. తీరా తెడ్డు దగ్గరకొచ్చేసరికి షాపులో గోడకు వేలాడేవాటిలో చవకైనది పట్టుకొచ్చేస్తారు. రోజంతా చేతిలో ఉండేది ఆ తెడ్డే. చాలా రోజుల్లో రాడ్ కంటే ఎక్కువసేపు దాన్నే పట్టుకుంటారు. భుజాలు లాగేయడం, ఒళ్లో నీళ్లు కారడం, ప్రతి స్ట్రోక్‌కీ పడవ ముందుకొస అటూ ఇటూ ఊగడం, పది గంటలకే ఒడ్డుకు పోదామనిపించడం... ఈ బాధల్లో చాలావాటికి పడవను తిట్టుకుంటారు గానీ, మూలం తెడ్డు దగ్గరుంటుంది. అందులోనూ ఎక్కువగా దాని పొడవు దగ్గర.

అందుకని ఇక్కడ చెప్పే క్రమం మార్చకండి. ముందు పొడవు తేల్చుకోండి, తర్వాత బరువు, ఆ తర్వాత బ్లేడు (తెడ్డు రెండు కొసల్లో నీళ్లు లాగే పలక), జాయింటు (తెడ్డు ముక్కలు కలిసే చోటు). రంగులూ హంగులూ చివర. టెక్సస్‌లో డాలస్ దగ్గర లూయిస్‌విల్, రే రాబర్ట్స్ సరస్సుల్లో బాస్ చేపల కోసం తిరిగేవాళ్లకైనా, గాల్వెస్టన్, పోర్ట్ అరాన్సస్ వైపు లోతు తక్కువ ఉప్పునీళ్లలో రెడ్‌ఫిష్ వెతికేవాళ్లకైనా ఈ క్రమం ఒకటే. కొనే వస్తువు మాత్రం కొద్దిగా మారుతుంది.

1. టేపుతో మొదలుపెట్టండి

సీటు ఉన్నచోట పడవ వెడల్పు కొలవండి. కంపెనీవాళ్లు రాసేది పడవలో అన్నిటికంటే వెడల్పైన చోటి కొలత. మీరు తెడ్డు ముంచేది మాత్రం పాదాల పక్కన. కాబట్టి పాదాలు పెట్టుకునే చోట కూడా కొలిచి రాసుకోండి.

తర్వాత సీటు ఎత్తు. పాతరకం కయాక్‌లలో దాదాపు పడవ అడుగునే కూర్చుంటాం. ఇప్పటి ఫిషింగ్ కయాక్‌లలో ఫ్రేము సీట్లు వస్తున్నాయి. చాలావాటిని కిందికీ పైకీ మార్చుకోవచ్చు. సీటు 6 అంగుళాలు పైకి లేస్తే మీ భుజాలు నీటికి 6 అంగుళాలు దూరమైనట్టే. అదే వాలులో తెడ్డు వేయాలంటే ఆ దూరాన్ని పొడవుతోనే పూడ్చాలి. అందుకే మామూలు విహారపు కయాక్‌కు సరిపోయే 220 సెంటీమీటర్ల తెడ్డు, 34 అంగుళాల వెడల్పున్న ఫిషింగ్ కయాక్‌లో పిల్లల ఆటవస్తువులా తయారవుతుంది.

వెడల్పు, సీటు ఎత్తు చేతిలో ఉంటే మొదటి అంచనా ఇలా వేసుకోవచ్చు. వెడల్పు 28 అంగుళాల లోపు ఉండి సీటు కిందికి ఉంటే 220 నుంచి 230 సెంటీమీటర్లు. 28 నుంచి 32 అంగుళాలకు 230–240. 32 దాటితే 240–250. వెడల్పు 35, 36 అంగుళాలు, పైగా సీటు కూడా ఎత్తైతే 250–260. ఈ అంకెలు వెతకడం మొదలుపెట్టడానికి మాత్రమే. షాపు చార్టుల్లో మనిషి ఎత్తు కూడా అడుగుతారు. నిజానికి కూర్చున్నాక మొత్తం ఎత్తు కంటే నడుము నుంచి భుజం దాకా ఉన్న పొడవు లెక్కలోకి వస్తుంది. ఐదడుగుల ఎనిమిది అంగుళాలవాళ్లే ఇద్దరు ఒకే సీటులో కూర్చుంటే, ఒకరి భుజాలు రెండంగుళాలు పైన ఉండొచ్చు.

2. పైపు పరీక్ష

డబ్బు పెట్టే ముందు ఈ పని తప్పకుండా చేయండి. అయ్యే ఖర్చు కొద్ది డాలర్లే.

హార్డ్‌వేర్ షాపులో 3/4 అంగుళం పీవీసీ పైపు పదడుగుల ముక్కగా దొరుకుతుంది. అంటే 305 సెంటీమీటర్లు. బయటి కొలత 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పట్టుకుంటే తెడ్డు షాఫ్టుకు, అంటే బ్లేడుల మధ్యనుండే కర్రకు, దగ్గరగానే అనిపిస్తుంది. దాన్ని 260 సెంటీమీటర్లకు కోయండి. షాపులో అడిగితే కొన్నిచోట్ల వాళ్లే కోసిస్తారు. రెండు కొసలూ టేపుతో మూసేయండి, లేకపోతే లోపలికి నీళ్లు వెళ్లి బరువెక్కుతుంది. సరిగ్గా మధ్యలో, 130 దగ్గర, మార్కర్‌తో గీత పెట్టండి.

ఇప్పుడు ఆ మధ్య గీత నుంచి ఒకవైపు 115, 120, 125 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టండి. ఇవి వరసగా 230, 240, 250 సెంటీమీటర్ల తెడ్డు కొసలు. పైపు చివర 260. తెడ్డు బ్లేడు పొడవు సుమారు 48 సెంటీమీటర్లు అనుకుని, ఒక్కో కొస నుంచి 48 సెంటీమీటర్లు లోపలికి వచ్చి, మధ్య నుంచి 67, 72, 77, 82 దగ్గర నల్ల టేపు చుట్టండి. ఇవి బ్లేడు మెడలు, అంటే షాఫ్టు ముగిసి బ్లేడు మొదలయ్యే చోట్లు. ఏ మెడ ఏ పొడవుదో టేపు మీదే రాసుకోండి. నీళ్లలో కూర్చున్నాక తికమక పడకుండా ఉంటుంది.

పైపు, పడవ తీసుకుని ఒడ్డు పక్కన నడుము లోతు నీళ్లకు వెళ్లండి. ఎప్పుడూ మోసుకెళ్లే సామానంతా పడవలో పెట్టండి. యాంకరు, కూలర్, టాకిల్ (గాలాలు, ఎరల) పెట్టెలు అన్నీ. బరువు పెరిగితే పడవ మునిగే లోతు మారుతుంది. లైఫ్ జాకెట్ వేసుకునే కూర్చోండి. అది మోచేతుల్ని కొంచెం బయటికి నెడుతుంది, కొలత మీద దాని ప్రభావం ఉంటుంది. (అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం పడవలో మనిషికొక లైఫ్ జాకెట్ ఎలాగూ ఉండాల్సిందే.)

పైపును మధ్య గీత నడినెత్తిన వచ్చేలా అడ్డంగా పెట్టుకోండి. మోచేతులు రెండూ సమకోణంలో వంగేలా చేతుల్ని సర్దుకోండి. అదీ మీ పట్టు. చేతులు జరపకుండా పైపును ఛాతీ ముందుకు దించి, ఎర్ర టేపులున్న వైపును పాదాల పక్కన నీళ్లలోకి దింపండి. 230 మెడ సరిగ్గా నీటి మట్టానికి తగిలేలా ఆపండి. అక్కడ కదలకుండా రెండు విషయాలు చూడండి.

మొదటిది కింది చెయ్యి. వేళ్ల కణుపులకూ పడవ అంచుకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే నిజంగా తెడ్డు వేసేటప్పుడు ప్రతి పది స్ట్రోక్‌లకు ఒకసారి కణుపులు అంచుకు రాసుకుంటాయి. సాయంత్రానికి చర్మం లేచిపోతుంది. రెండోది పై చెయ్యి. అది భుజానికి కిందనే ఉండాలి. భుజం దాటి పైకి లేస్తే ఆ పొడవు మీకు చాలదు.

ఇలాగే 240, 250, 260 మెడలతో చేయండి. కణుపులకు ఖాళీ, పై చెయ్యి భుజానికి కింద అన్న రెండు షరతులూ తీరిన మొట్టమొదటి పొడవు దగ్గర ఆగిపోండి. అదే మీ పొడవు. సీటు మార్చుకునే రకమైతే కింద పెట్టి ఒకసారి, పైన పెట్టి ఒకసారి చూడండి. రెండిటికీ తేడా 10 సెంటీమీటర్లు దాటితే పొడవు మార్చుకునే తెడ్డు కొనడం మంచిది. అలాంటివి మధ్య జాయింటు దగ్గర 10, 15 సెంటీమీటర్ల దాకా సాగుతాయి.

"ఎందుకైనా మంచిది, ఇంకొంచెం పొడవుదే తీసుకుందాం" అనే మాటకు లొంగకండి. పొడవు ఎక్కువైతే బ్లేడు పడవకు దూరంగా పడుతుంది. దూరంగా పడిన బ్లేడు పడవను ముందుకు నెట్టడంతో పాటు తిప్పుతుంది కూడా. అణియం, అంటే పడవ ముందుకొస, కుడి స్ట్రోక్‌కు ఎడమకు, ఎడమ స్ట్రోక్‌కు కుడికి పోతుంటుంది. ఆ ఊపును సరిచేయడానికే సగం శ్రమ పోతుంది. పైగా పొడవైన కర్ర కొసన ఉన్న బ్లేడును లాగడానికి భుజం మీద పడే భారం ఎక్కువ. పొట్టి తెడ్డు వెంటనే ఇబ్బంది పెడుతుంది కాబట్టి దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. పొడవు ఎక్కువైన తెడ్డు మాత్రం నెమ్మదిగా, నెలల తరబడి భుజాల్ని అరగదీస్తుంది.

3. బరువు: ఎక్కడ తగ్గిందో చూడండి

ఒక చిన్న లెక్క. మామూలు వేగంతో వెళ్తే నిమిషానికి 40 స్ట్రోక్‌లు పడతాయనుకుందాం. గంటకు 2,400. రోజులో మూడు గంటలు నిజంగా తెడ్డు వేస్తే 7,200. మీ తెడ్డు 300 గ్రాములు అదనపు బరువుంటే, ప్రతి స్ట్రోక్‌కీ అందులో సగమే ఎత్తుతున్నారనుకున్నా, రోజుకు వెయ్యి కిలోలకు పైగా ఎక్కువ ఎత్తినట్టు. ఆ 300 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయంటే, అల్యూమినియం తెడ్డుకూ కార్బన్ తెడ్డుకూ మధ్య తేడా సుమారుగా అంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

అల్యూమినియం షాఫ్టు, ప్లాస్టిక్ బ్లేడు ఉన్న తెడ్డు 1,100 నుంచి 1,300 గ్రాముల దాకా తూగుతుంది. ధర సుమారు 40 నుంచి 70 డాలర్లు. చలికాలం పొద్దున పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఉప్పునీళ్లలో జాయింటు తుప్పు తిని బిగుసుకుపోతుంది. ఫైబర్‌గ్లాస్ షాఫ్టుదైతే 900 నుంచి 1,000 గ్రాములు, 100 నుంచి 170 డాలర్లు. కార్బన్ షాఫ్టుదైతే 750 నుంచి 850 గ్రాములు, 200 డాలర్ల నుంచి మొదలై 350 దాకా పోతుంది. పైన ఇంకా ఖరీదైనవి ఉన్నాయి.

త్రాసు మీద తూగే బరువు ఒకటైతే, చేతికి తెలిసే బరువు ఇంకొకటి. షాఫ్టు మధ్యలో 100 గ్రాములు తగ్గినా మీ భుజానికి పెద్దగా తెలియదు. అదే బ్లేడుల్లో తగ్గితే వెంటనే తెలుస్తుంది. గరిట కాడ బరువుగా ఉండటానికీ, గరిట తల బరువుగా ఉండటానికీ ఎంత తేడానో ఇది కూడా అంతే. షాపులో ఇలా చూడండి: తెడ్డు మధ్యలో ఒక్క చేత్తో పట్టుకుని మణికట్టును అటూ ఇటూ తిప్పండి. కొసలు ఎంత మొండిగా కదులుతున్నాయో గమనించండి. అదే ధరలో ఉన్న ఇంకో తెడ్డుతో వెంటనే పోల్చండి. తర్వాత రెండు చేతులూ ముందుకు చాచి ఒక నిమిషం పట్టుకోండి. ముప్పై సెకన్లకే భుజం వణుకుతుంటే మూడు గంటల మాట మీకే అర్థమవుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే మా జవాబు సూటిగా ఉంటుంది. షాఫ్టు కార్బన్‌ది, బ్లేడు ఫైబర్ కలిపిన నైలాన్‌ది తీసుకోండి. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లేవాళ్లకు ఫైబర్‌గ్లాస్ షాఫ్టు కూడా హాయిగా సరిపోతుంది. పూర్తి కార్బన్ బ్లేడు చాలా తేలిక, చేతికి గొప్పగా ఉంటుంది. కానీ చేపల వేటలో తెడ్డు చేసే పనులు మోటువి: దుంగను నెట్టడం, రాయి మీద ఆనించడం, నాచును చీల్చుకుంటూ పోవడం. టెక్సస్ తీరంలో ఆల్చిప్పల దిబ్బలున్న చోట ఒక్కసారి బలంగా మోపితే పల్చటి కార్బన్ అంచు పెచ్చులూడుతుంది. నైలాన్ బ్లేడుకు గీతలు పడతాయి, అంతే.

లోతు తక్కువ నీళ్లలో నెట్టడానికి తెడ్డును అసలు వాడకుండా ఉంటే ఇంకా మంచిది. కొల్లేటి తాటిదోనెల మీద గెడ పట్టుకుని వెళ్లేవాళ్లను చూసినవాళ్లకు ఈ మాట కొత్తగా ఉండదు. నెట్టడానికి గెడ, నీళ్లు లాగడానికి తెడ్డు. కయాక్‌కు ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఫైబర్‌గ్లాస్ గెడలు దొరుకుతాయి. పడవను ఒకచోట నిలిపి ఉంచడానికీ అదే పనికొస్తుంది.

4. బ్లేడు ఆకారం, పట్టుకునే తీరు

ఫిషింగ్‌కు తక్కువ వాలు తెడ్డు తీసుకోండి. బ్లేడు సన్నగా, పొడవుగా ఉంటుంది. షాఫ్టు దాదాపు అడ్డంగా కదులుతుంది, చేతులు భుజం దాటి లేవవు. బ్లేడు పొట్టిగా, వెడల్పుగా ఉండి నిటారుగా వేసే రకాలు వేగంగా పోయేవాళ్లకు, అలల్లో ఆడేవాళ్లకు.

బ్లేడు వైశాల్యం మధ్యరకం, సుమారు 90 నుంచి 105 చదరపు అంగుళాలు ఉంటే చాలామందికి సరిపోతుంది. పెద్ద బ్లేడుతో పడవ చప్పున కదులుతుంది. నిజమే, కానీ అది సైకిల్‌ను ఎప్పుడూ టాప్ గేరులోనే తొక్కడం లాంటిది. బరువున్న మనిషి, నిండా సామాను, భుజబలం ఉంటే పెద్దది తీసుకోవచ్చు. భుజం నొప్పి ఇప్పటికే ఉంటే చిన్నదానివైపే మొగ్గండి.

బ్లేడును చేత్తో తడిమి చూడండి. లోపలివైపు మధ్యలో నిలువుగా చిన్న గట్టు, దాని రెండు వైపులా కొద్దిపాటి వాలు ఉంటే నీళ్లు రెండు పక్కలకీ సమానంగా జారిపోతాయి. అది లేని చవక బ్లేడు బలంగా లాగినప్పుడు నీళ్లలో గిలగిలా కొట్టుకుంటుంది. దాన్ని ఆపడానికి తెలియకుండానే పిడికిలి బిగిస్తారు, ముంజేయి నొప్పి అక్కడే మొదలవుతుంది. అలాగే చేతులు చిన్నవైనవాళ్లు సన్న షాఫ్టు అడగండి. బొటనవేలు, చూపుడువేలు కలిసి షాఫ్టు చుట్టూ సున్నా చుట్టగలగాలి. చుట్టలేకపోతే షాఫ్టు మీకు లావు.

కొత్త తెడ్డు బాగాలేదని తిరిగిచ్చేసేవాళ్లలో కొందరు అసలు దాన్ని తిరగేసి పట్టుకున్నవాళ్లే. గుంటగా ఉన్న ముఖం మీ వైపుండాలి. బ్లేడు రెండు అంచుల్లో పొడవైనది పైకి, పొట్టిది కిందికి రావాలి. గుర్తుకు సులువు: బ్లేడు మీది కంపెనీ పేరు తలకిందులు కాకుండా, మీరు చదవగలిగేలా ఉండాలి. పాదాల పక్కన ముంచండి, తుంటి పక్కన తీసేయండి. తుంటి దాటి లాగితే పడవ ముందుకు పోదు, పక్కకు తిరుగుతుంది, బ్లేడు బకెట్టుడు నీళ్లు పైకి లేపుతుంది.

5. జాయింటు

తెడ్డు రెండు ముక్కలు కలిసే చోటే ముందుగా చెడేది. షాపులో కలిపి, రెండు చేతుల మధ్య మెలితిప్పి, తర్వాత మోకాలి మీద కొద్దిగా వంచి చూడండి. టక్కుమని చప్పుడు వచ్చినా, వెంట్రుకవాసి ఆట ఉన్నా వదిలేయండి. కొత్తగా ఉన్నప్పుడే వదులైన జాయింటు, ఇసుక తిన్నాక ఇంకా వదులవుతుంది.

జాయింట్లు రెండు రకాలు ఎక్కువ. ఒకటి బటన్ నొక్కి రంధ్రంలో కూర్చోబెట్టేది. చవక, గట్టి, సాధారణంగా మూడు కోణాలే ఉంటాయి. రెండోది లివర్‌తో బిగించేది, పొడవూ కోణమూ రెండూ మార్చుకోవచ్చు. లివర్ రకం ఎత్తు సీటువాళ్లకు బాగా పనికొస్తుంది. ఇసుక కడగడంలో మాత్రం బద్ధకం పనికిరాదు.

కోణం గురించి. రెండు బ్లేడులూ ఒకే తలంలో ఉంచవచ్చు, లేదా ఒకదానికొకటి 30, 45, 60 డిగ్రీలు తిప్పి పెట్టుకోవచ్చు. ఎదురుగాలిలో పైకి లేచిన బ్లేడు గాలిని కోసుకుంటూ పోవడానికి ఈ తిప్పడం. చేపల వేటకు మామూలుగా సున్నా కోణమే ఉంచండి. ఒక చేతిలో రాడ్, రెండో చేతిలో తెడ్డు పట్టుకుని, షాఫ్టును ముంజేయి కింద ఇరికించుకుని రెండు మూడు చిన్న స్ట్రోక్‌లు వేయాల్సిన సందర్భాలు రోజుకు పదిసార్లు వస్తాయి. అప్పుడు బ్లేడు ఎటు తిరిగి ఉందో ఆలోచించే తీరిక ఉండదు.

6. చిన్న హంగులు: ఏవి పనికొస్తాయి

నీటి రింగులు తప్పకుండా ఉండాలి. షాఫ్టు మీద కారే నీళ్లు చేతుల దాకా రాకుండా ఆపే రబ్బరు రింగులివి. బ్లేడు మెడకు నాలుగంగుళాల దూరంలో, గిన్నెలా వంగిన ముఖం బ్లేడు వైపుండేలా పెట్టండి. ఒళ్లు ఇంకా తడుస్తుంటే రింగు నీళ్లలో మునుగుతోందేమో చూడండి. మునిగిన రింగు తిరిగి లేచేటప్పుడు నీళ్లు మోసుకొస్తుంది. అలాంటప్పుడు రెండంగుళాలు లోపలికి జరపండి.

బ్లేడు అంచున కొక్కెంలాంటి గాడి ఉన్న తెడ్లు చేపల వేటకోసమే వస్తాయి. విస్కాన్సిన్‌లోని బెండింగ్ బ్రాంచెస్ 'యాంగ్లర్' పేరుతో అమ్మే తెడ్లలో ఇది ఉంటుంది. ఎర కొమ్మకో, దుంగకో చిక్కితే దారం లాగి తెంపుకోకండి. పడవను దగ్గరికి తెచ్చి, దారాన్ని వదులు చేసి, గాడిలోకి జారనిచ్చి, దారం వెంబడే బ్లేడును ఎర దాకా తోయండి. తర్వాత లాగకుండా, ఎర వచ్చిన దిక్కుకు వెనక్కి నెట్టండి. ముల్లు గుచ్చుకున్న దారినే బయటికొస్తుంది. పది డాలర్ల క్రాంక్‌బెయిట్‌లు (కృత్రిమ ఎరలు) రెండు దక్కించుకున్నా ఆ గాడి గిట్టుబాటైనట్టే.

షాఫ్టు మీద అంగుళాల గీతలు కూడా వేసి ఇస్తారు. నీళ్లలో ఉన్న చేప ఎంతుందో చూపుకు అంచనా వేయడానికి బాగుంటుంది. దాన్ని కొలతగా మాత్రం తీసుకోకండి. టెక్సస్‌లో రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే మామూలుగా ఇంటికి తీసుకెళ్లవచ్చు. అంచుమీదున్న చేపను గుండ్రటి కర్ర పక్కన పెట్టి తేల్చడం జరిమానాకు దారి. చదునైన కొలత బోర్డు వాడండి. కయాక్ బాస్ పోటీల్లోనూ చేపను అనుమతించిన బోర్డు మీద పెట్టి తీసిన ఫోటోలే చెల్లుతాయి.

రంగు విషయంలో మాత్రం పట్టుబట్టండి: నారింజ, పసుపు, లేత ఆకుపచ్చ. కయాక్ నీటికి చాలా దగ్గరగా ఉంటుంది. మోటారు బోటువాళ్లకు దూరం నుంచి ముందుగా కనిపించేది పైకీ కిందికీ కదిలే మీ బ్లేడే. నల్లటి కార్బన్ బ్లేడు ఎంత అందంగా ఉన్నా పొద్దుటి మసక వెలుగులో కనబడదు. అదే కొన్నట్టయితే బ్లేడు వెనకవైపు వెలుగు తిప్పికొట్టే టేపు అంటించండి.

లీష్, అంటే తెడ్డును పడవకు కట్టే తాడు. చేప పడిన క్షణంలో తెడ్డు ఎక్కడ పెడతారన్నది ముందే తేల్చుకోవాలి. ఒళ్లో అడ్డంగా పెడితే దారం చుట్టుకుంటుంది, పక్కన వదిలేస్తే గాలికి కొట్టుకుపోతుంది. పడవ పక్కనుండే సాగే తాడు కింద దోపడం అలవాటు చేసుకోండి, దానికి తోడు మూడు నాలుగడుగుల లీష్ ఉండనివ్వండి. లీష్‌ను షాఫ్టుకూ పడవకూ కట్టాలి, మణికట్టుకు ఎప్పుడూ కట్టకండి. ప్రవాహం జోరుగా ఉన్న నదిలో, తీరపు కెరటాల్లో లీష్ తీసేయండి. పడవ బోల్తా పడితే కాళ్లకు చుట్టుకునేది అదే.

7. నీళ్లలో ఇరవై నిమిషాలు

వీలైతే కొనే ముందు నీళ్లలో వేసి చూడండి. వసంతకాలంలో చాలా కయాక్ షాపులు సరస్సు ఒడ్డున ప్రయత్నించి చూసే రోజులు పెడతాయి. మీ పడవ తీసుకెళ్లండి, షాపువాళ్ల పడవలో చూస్తే మీ కొలతలన్నీ వృథా.

ముందు పది స్ట్రోక్‌లు గట్టిగా వేసి ఆపేయండి. పడవ జారిపోతున్నప్పుడు అణియం ఎటు తిరిగిందో చూడండి. ఇలా రెండుసార్లు చేసినా ఒకేవైపు తిరిగితే మీ చేతుల పట్టు మధ్యలో లేదు. ప్రతి స్ట్రోక్‌కీ పెద్దగా ఊగుతుంటే తెడ్డు పొడవు ఎక్కువ. తర్వాత పిడికిలి వదులు చేసి, వేళ్లతో కొక్కెంలా మాత్రమే పట్టుకుని లాగండి. బ్లేడు కొట్టుకుంటుంటే వేళ్లకు ఇట్టే తెలుస్తుంది. మంచి బ్లేడు చప్పుడు లేకుండా దిగుతుంది. గుబుక్కుమని గాలిబుడగ లాక్కుపోయే బ్లేడుతో, లోతు తక్కువ నీళ్లలోని చేప దగ్గరికి చేరడం కష్టం. చివరగా గాలికి ఎదురుగా ఐదు నిమిషాలు ఆగకుండా వెళ్లండి. చదునైన నీళ్లలో ప్రతి తెడ్డూ బాగానే అనిపిస్తుంది.

తెడ్డు ముక్కలు విడదీసి ఒక్కోదాన్నీ నీళ్లలో వదిలి చూడండి. రెండూ తేలాలి. షాఫ్టు లోపలికి నీళ్లు పోకుండా మూసి ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

కాళ్లతో తొక్కి నడిపే పెడల్ కయాక్ ఉన్నవాళ్లు తెడ్డు అవసరం లేదనుకుంటారు. నాచు చుట్టుకున్నప్పుడు, అడుగు లోతు నీళ్లలోకి వెళ్లినప్పుడు, పెడల్ పిన్ను విరిగినప్పుడు ఇంటికి చేర్చేది తెడ్డే. పెడల్ కయాక్‌లు వెడల్పు, బరువు రెండూ ఎక్కువ కాబట్టి వాటిలో పెట్టే తెడ్డు పొడవుకూ పైపు పరీక్ష చేయాల్సిందే. తెడ్డు మీదే ఆధారపడి ఒడ్డుకు దూరంగా పోయేవాళ్లు నాలుగు ముక్కలయ్యే చవక తెడ్డు ఒకటి హ్యాచ్‌లో (పడవలో మూత ఉన్న సామాను అరలో) ఉంచుకోండి. దాని పొడవు పది సెంటీమీటర్లు తక్కువైనా ఇబ్బంది లేదు.

8. కడగడం, దాచడం

వచ్చిన ప్రతిసారీ ముక్కలు విడదీయండి. ఉప్పునీళ్ల నుంచి వస్తే ఇంకా తప్పదు. జాయింటు లోపలా బయటా మంచినీళ్ల గొట్టం పెట్టి కడగండి. వేలితో తడిమితే కరకరమనే ఇసుక పూర్తిగా పోయిందో లేదో తెలుస్తుంది. విడిగానే ఆరబెట్టండి. జాయింటుకు నూనె, గ్రీజు రాయకండి. అవి ఇసుకను అంటిపెట్టుకుని, లోపలి గోడను ఉప్పుకాగితంలా గీకుతాయి.

అయినా బిగుసుకుపోతే సుత్తి తీయకండి. బయటి గొట్టం మీద గోరువెచ్చటి నీళ్లు పోయండి, అది కొద్దిగా వ్యాకోచిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, జాయింటుకు చెరోవైపు దగ్గరగా పట్టుకుని, నెమ్మదిగా మెలితిప్పుతూ లాగండి. బ్లేడులు పట్టుకుని తిప్పితే జాయింటు రాదు, బ్లేడు మెడ విరుగుతుంది.

ఎండాకాలం కారులో, ట్రక్కు వెనక మండుటెండలో తెడ్డును వదిలేయకండి. బరువు కింద నొక్కుకుపోయిన ప్లాస్టిక్ బ్లేడు ఆ వేడికి వంకర తిరుగుతుంది. ఇంట్లో బ్లేడు నేలకానించి నిలబెట్టకుండా, షాఫ్టు రెండు చోట్ల ఆనేలా గోడకు రెండు కొక్కేలు కొట్టి అడ్డంగా పెట్టండి. నైలాన్ బ్లేడు అంచున లేచిన గరుకు పోగులను నెలకోసారి సన్న ఉప్పుకాగితంతో రుద్ది చదును చేయండి. ఆ గరుకులే దారాన్ని పట్టి తెంపుతాయి.